ఐర్లండ్‌లో నడకా, సైకిలా: ఏ దారి ఎవరికి నప్పుతుంది?

డబ్లిన్‌లో చదువుకునే పిల్లల్ని చూడటానికి వేసవిలో అమ్మానాన్నలు వస్తుంటారు. కార్క్‌లోనో గాల్వేలోనో ఉద్యోగం చేసేవాళ్ళకి సోమవారం సెలవు కలిసొచ్చి మూడు రోజులు దొరుకుతాయి. ఊరు దాటి పచ్చగా ఉన్నచోట నడవాలనీ, సైకిల్ తొక్కాలనీ ఉంటుంది. ఫోన్ తీస్తే పది పేర్లు కనిపిస్తాయి, ఫొటోల్లో పదీ బాగానే ఉంటాయి. ఎంచుకోవడానికి మాత్రం ఆ ఫొటోలు ఏ సాయమూ చెయ్యవు.

ముందు మూడు సంగతులు తేల్చుకోండి. మీ గుంపులో అందరికంటే నెమ్మదిగా వెళ్ళేది ఎవరు? సాయంత్రం తిరిగి ఎలా వస్తారు? ఆ రోజు గాలి ఎటు నుంచి వీస్తోంది? ఈ మూడింటికీ జవాబు ఉంటే మామూలు దారి కూడా గుర్తుండిపోతుంది. లేకపోతే ఎంత పేరున్న దారైనా చలిలో వణుకుతూ బస్సు కోసం నిలబడటంతో ముగుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒకటే: మొదట పాత రైలు దారి మీద సైకిల్ తొక్కండి, ఇక్కడి గాలీ వానా అలవాటయ్యాక సముద్రపు కొండ అంచుల మీద నడవండి.

పాత రైలు దారులు: వాటర్‌ఫర్డా, మేయోనా?

మూతపడిన రైలు మార్గాల పట్టాలు తీసేసి, ఆ కట్ట మీదే తారో సన్న కంకరో పరిచి, మోటారు బండ్లు రాకుండా చేసిన దారుల్ని ఇక్కడ గ్రీన్‌వేలంటారు. ఆవిరి ఇంజన్లు నిటారు ఎత్తులు ఎక్కలేవు. అందుకే ఆనాటి ఇంజనీర్లు కొండ అడ్డొస్తే తొలిచారు, లోయ అడ్డొస్తే వంతెన కట్టారు. ఆ పుణ్యం ఇవాళ మన మోకాళ్ళకి దక్కుతోంది. పదేళ్ళుగా సైకిల్ ఎక్కనివాళ్ళు కూడా ధైర్యంగా వెళ్ళగలిగేది అందుకే.

ఈ దారుల్లో ఎక్కువమంది తేల్చుకోలేకపోయేది రెంటి మధ్య. ఆగ్నేయాన వాటర్‌ఫర్డ్ గ్రీన్‌వే, పడమటి ఒడ్డున మేయో కౌంటీలోని గ్రేట్ వెస్టర్న్ గ్రీన్‌వే.

వాటర్‌ఫర్డ్ దారి వాటర్‌ఫర్డ్ ఊరి నుంచి డన్‌గార్వన్ దాకా 46 కి.మీ. 2017లో తెరిచారు. మొదట సూర్ నది పక్కన సాగుతుంది, కిల్‌మీడన్ దగ్గర పక్కనే ఒక బుల్లి రైలు కూడా నడుస్తుంది, పిల్లలుంటే అక్కడే గంట గడిచిపోతుంది. తర్వాత పొలాలు, కుడివైపు దూరంగా కోమరా కొండలు. సగం దారిలో కిల్‌మక్‌థామస్ వస్తుంది. ఊరి మీదుగా ఎనిమిది కమానుల రాతి వంతెన, దాని పైనుంచి మన సైకిళ్ళు. దగ్గర్లోనే కరువు రోజుల్ని గుర్తుచేసే పాత వర్క్‌హౌస్ (నిరుపేదలకి పని చేయించుకుని ఆశ్రయమిచ్చిన చోటు) భవనాలున్నాయి, కాఫీకి ఆగడానికి అనువైన చోటు.

అసలు అందం అంతా ఈ రెండో సగంలో ఉంది. డరో దాటాక దారి రాతిని తొలిచిన ఒక కోతలోకి దిగుతుంది. రెండు వైపులా తడి రాతి గోడలు, వాటి నిండా వేలాడే ఫెర్న్ ఆకులు, ప్రతి ఆకు కొస నుంచీ నీటిచుక్క. ఎదురుగా సొరంగం నోరు. లోపల దాదాపు 400 మీటర్లు ఇటుకల కప్పు కింద, మసక దీపాల వెలుగులో వెళ్ళాలి. బయట జులై ఎండ కాస్తున్నా లోపల ఒక్కసారిగా చల్లబడుతుంది. చలువ కళ్ళద్దాలు తీసేసి బెల్ కొట్టుకుంటూ నిదానంగా వెళ్ళండి, ఎదురుగా పిల్లల సైకిళ్ళు వస్తుంటాయి. బయటపడ్డాక బాలివాయిల్ వంతెన వస్తుంది. 1922లో అంతర్యుద్ధంలో దాన్ని పేల్చేశారు, 1924లో మళ్ళీ కట్టారు. అది దాటితే ఎడమవైపు సముద్రం తెరుచుకుంటుంది, డన్‌గార్వన్ దాకా మనతోనే ఉంటుంది.

అందుకే ఒక్క పూటే ఉన్నా, పెద్దవాళ్ళు వెంట ఉన్నా 46 కి.మీ. అంతా తొక్కాలన్న పంతం వద్దు. కిల్‌మక్‌థామస్‌లో సైకిళ్ళు తీసుకుని డన్‌గార్వన్ వైపు వెళ్ళి, అద్దె షాపువాళ్ళ షటిల్ వ్యాన్‌లో వెనక్కి రండి. సొరంగం, వంతెనలు, సముద్రం అన్నీ ఈ సగంలోనే వచ్చేస్తాయి.

మేయో దారి సంగతి వేరు. వెస్ట్‌పోర్ట్ నుంచి న్యూపోర్ట్, మల్‌రానీ మీదుగా అకిల్ దీవి దాకా సుమారు 42 కి.మీ. 1937లో ఆగిపోయిన అకిల్ రైలు మార్గం ఇది. మొదటి ముక్క 2010లో, మిగతాది 2011లో తెరిచారు. ఇక్కడ సొరంగం థ్రిల్ లేదు. దానికి బదులు ఆకాశం ఉంది, విశాలమైన క్లూ బే ఉంది. ఆ అఖాతం నిండా బోర్లించిన గిన్నెల్లా చిన్న చిన్న పచ్చటి దీవులు. వెనక్కి తిరిగితే 764 మీటర్ల క్రో పాట్రిక్, ఏటా జులై చివరి ఆదివారం వేలమంది భక్తులు ఎక్కే కొండ. కొందరు ఇప్పటికీ చెప్పుల్లేకుండా ఎక్కుతారు. తిరుమల మెట్లు ఎక్కినవాళ్ళకి ఆ ఆదివారం అక్కడ ఏం జరుగుతుందో ఎవరూ వివరించక్కర్లేదు.

మేయో దారిలో న్యూపోర్ట్-మల్‌రానీ మధ్య 18 కి.మీ. అన్నిటికంటే ఎక్కువ అలసట తెప్పించే ముక్క. మల్‌రానీ నుంచి అకిల్ దాకా ఉన్న 13 కి.మీ. అన్నిట్లోకీ అందమైనది. ఇది రైతుల పొలాల్లోంచి, వాళ్ళ అనుమతితో వేసిన దారి. మధ్యలో గేట్లొస్తాయి, గొర్రెలొస్తాయి. తెరిచి ఉన్న గేటు తెరిచే ఉంచాలి, మూసి ఉన్నది దాటాక మూసెయ్యాలి. ఐర్లండ్‌లో పొలాల మీదుగా ఎక్కడపడితే అక్కడ నడిచే హక్కు జనానికి లేదు. చాలా దారులు రైతు మంచి మనసు మీద నడుస్తున్నవే. కాబట్టి ఆ గేటు విషయం మర్యాద కంటే పెద్దది, మనం నిర్లక్ష్యం చేస్తే వెనకొచ్చేవాళ్ళకి దారే పోవచ్చు.

ఇక గాలి. ఐర్లండ్‌లో గాలి ఎక్కువగా నైరుతి, పడమర దిక్కుల నుంచి వీస్తుంది. వెస్ట్‌పోర్ట్ నుంచి అకిల్‌కి తొక్కితే చాలా రోజులు ఎదురుగాలే. అందుకని ఉదయాన్నే షటిల్‌లో అకిల్ వెళ్ళి, అక్కడి నుంచి వెస్ట్‌పోర్ట్‌కి తొక్కండి. గాలి వీపు వెనక ఉంటుంది, రూమూ భోజనమూ ఎదురుచూస్తుంటాయి. ఆ రోజు తూర్పు గాలి ఉంటే మాత్రం తిరగేసుకోండి. ముందు రాత్రి ఇక్కడి వాతావరణ శాఖ మెట్ ఏరన్ యాప్‌లో బాణం ఎటు ఉందో చూస్తే చాలు.

రెండిట్లో ఏది? డబ్లిన్ నుంచి ఒక్క రోజులో వెళ్ళి రావాలంటే వాటర్‌ఫర్డ్. రైలులో రెండు గంటల పైచిలుకు, వాన కూడా పడమటి కంటే తక్కువ. చిన్నపిల్లలుంటే మారుమాట లేకుండా అదే, ఎందుకంటే ప్రతి ఐదారు కిలోమీటర్లకీ చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. రెండు రాత్రులు ఉండగలిగితే మేయో. డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి వెస్ట్‌పోర్ట్‌కి రైలులోనే మూడు గంటల పైన పడుతుంది, ఒక రోజు వాన తినేసినా ఇంకో రోజు చేతిలో ఉండాలి. నన్ను మళ్ళీ ఎక్కడికి వెళ్తావంటే మేయోనే అంటాను. ఎవరినైనా మొదటిసారి పంపాలంటే వాటర్‌ఫర్డ్‌కే పంపుతాను.

మామూలు సైకిల్ అద్దె రోజుకి సుమారు 20 నుంచి 30 యూరోలు, ఈ-బైక్‌కి దాదాపు రెట్టింపు. అమ్మకో నాన్నకో ఈ-బైక్ తీసుకోవడానికి వెనకాడకండి. ఎదురుగాలిలో ఆ ఖర్చుకి ఫలితం కనిపిస్తుంది. పసిపిల్లలకి వెనక తగిలించే ట్రైలర్లు కూడా అద్దెకిస్తారు, వేసవి వారాంతాల్లో ముందే బుక్ చెయ్యాలి. ఇక్కడ కూడా ఎడమవైపే వెళ్ళాలి కాబట్టి మనకి కొత్తేమీ ఉండదు. అద్దె షాపులో డబ్బు కట్టే ముందే చివరి షటిల్ ఎన్నింటికో అడిగి ఫోన్‌లో రాసుకోండి.

మిగతా గ్రీన్‌వేల గురించి క్లుప్తంగా. రాయల్ కెనాల్ గ్రీన్‌వే మేనూత్ నుంచి లాంగ్‌ఫర్డ్ కౌంటీ దాకా 130 కి.మీ., 2021లో తెరిచారు. పాత కాలువ గట్టు, పూర్తిగా చదును. పక్కనే రైలు మార్గం ఉండటం దీని గొప్ప. మేనూత్, ఎన్‌ఫీల్డ్, మలింగర్, ఎక్కడ అలసిపోతే అక్కడ రైలెక్కొచ్చు. సొంత సైకిల్ ఉన్న విద్యార్థికి ఇంతకంటే చవకైనది లేదు. దూరప్రయాణపు రైళ్ళలో సైకిల్ చోట్లు చాలా తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. లిమరిక్ గ్రీన్‌వే రాత్‌కీల్ నుంచి ఆబీఫీల్ దాకా 40 కి.మీ., పచ్చటి పల్లెసీమ. ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి చాలా బాగుంటుంది, డబ్లిన్ నుంచి దీనికోసమే వెళ్ళమని చెప్పను.

సరస్సులూ అడవీ కావాలంటే నైరుతిన కెర్రీ కౌంటీలోని కిలార్నీ. అక్కడి నేషనల్ పార్క్‌లో మక్‌రస్ సరస్సు చుట్టూ సైకిల్ దారి పెద్ద కష్టం లేనిది, తోవలో ఎర్ర జింకలు కనిపించే అవకాశం ఉంది. ఒంట్లో ఓపికుంటే గ్యాప్ ఆఫ్ డన్‌లో అనే కనుమ మీదుగా తొక్కి, అవతల లార్డ్ బ్రాండన్స్ కాటేజ్ దగ్గర సైకిల్‌తో సహా పడవెక్కి, సరస్సుల మీదుగా రాస్ కాజిల్‌కి చేరండి. పడవ ముందే మాట్లాడుకోవాలి. చలికాలంలో ఉండదు.

డబ్లిన్ దగ్గర నడక: హౌత్, గ్లెన్‌డలాఖ్

హౌత్‌కి డబ్లిన్ నుంచి డార్ట్ అనే లోకల్ రైలులో అరగంట. ఆఖరి స్టేషన్‌లో దిగి ఓడరేవు పక్కగా నడిస్తే కొండ దారి మొదలవుతుంది. రంగు బాణాలు చూసుకుంటూ వెళ్ళాలి. ఆకుపచ్చది సుమారు 6 కి.మీ., రెండు గంటలు. ఊదారంగుది 12 కి.మీ. ఒకవైపు ఐర్లండ్స్ ఐ దీవి, మలుపు తిరిగితే బెయిలీ లైట్‌హౌస్, ఆగస్టులో కొండంతా ఊదా, పసుపు పూలు. స్టూడెంట్ లీప్ కార్డ్ (విద్యార్థుల రాయితీ ప్రయాణ కార్డు) ఉన్నవాళ్ళకి ఖర్చు లేనట్టే లెక్క. ఉదయం నిద్రలేచి వాతావరణం చూసి అప్పటికప్పుడు బయల్దేరగలగడం హౌత్‌కున్న అసలు బలం.

అయితే కొండ అంచు దారి సన్నగా ఉంటుంది, గులకరాళ్ళు జారుతాయి, చాలాచోట్ల కంచె లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని ఈ దారి మీదికి తీసుకెళ్ళకండి. వాళ్ళని ఓడరేవు గోడ మీద నడిపించండి, సీల్ అనే సముద్ర జంతువులు నీళ్ళలోంచి తల పైకెత్తి చూస్తుంటాయి, అంతకంటే వాళ్ళకి ఏం కావాలి?

గ్లెన్‌డలాఖ్ విక్లో కొండల్లో ఉంది. ఆరో శతాబ్దంలో సెయింట్ కెవిన్ స్థాపించిన మఠం, 30 మీటర్ల గుండ్రటి రాతి గోపురం, రెండు సరస్సులు. ఒకే కుటుంబంలో మూడు రకాల ఓపికలు ఉన్నప్పుడు ఇంతకంటే మంచి చోటు డబ్లిన్ దగ్గర లేదు. అమ్మమ్మ సరస్సుల మధ్య చదునైన గ్రీన్ రోడ్ దారిలో చీర మీద స్పోర్ట్స్ షూస్ వేసుకుని హాయిగా నడవొచ్చు, సుమారు 3 కి.మీ. కుర్రవాళ్ళు పై సరస్సు మీదున్న స్పింక్ అనే కొండ ఎక్కొచ్చు. పోలనాస్ జలపాతం పక్కనుంచి మొదలై వందల కొద్దీ చెక్క మెట్లు. పైకి చేరాక చెక్క పలకల బాట, కింద నల్లగా పై సరస్సు. చుట్టి వచ్చేసరికి 9 కి.మీ., మూడున్నర నుంచి నాలుగు గంటలు. వాన పడ్డ రోజు ఆ పలకలు జారతాయి.

అక్కడికి చేరడమే కాస్త టెన్షన్. డబ్లిన్ నుంచి సెయింట్ కెవిన్స్ బస్ రోజుకి కొద్ది ట్రిప్పులే నడుపుతుంది. స్పింక్ ఎక్కితే తిరుగు బస్సు టైమ్ మనసులో పెట్టుకునే నడవాలి. కారులో అయితే వేసవి ఆదివారాలు తొమ్మిదిన్నర లోపు చేరండి, తర్వాత పార్కింగ్ దొరకదు.

బ్రే నుంచి గ్రేస్టోన్స్ కొండ అంచు నడక పేరు ఇంకా చాలా జాబితాల్లో ఉంటుంది. కొండచరియలు పడటంతో 2021లో దాన్ని మూసేశారు. స్థానిక కౌన్సిల్ తెరిచామని చెబితే తప్ప ఆ ప్లాన్ పెట్టుకోవద్దు. కంచె దాటి వెళ్ళేవాళ్ళని చూసి మీరూ వెళ్ళొద్దు.

పెద్ద కొండ అంచులు

పడమటి తీరంలోని మోహర్ కొండ అంచులు 214 మీటర్ల ఎత్తు, 8 కి.మీ. పొడవు. ఒక రోజు టూర్ బస్సులన్నీ తీసుకెళ్ళేది ఇక్కడికే. టికెట్ తీసుకుని వెళ్ళే విజిటర్ సెంటర్ దగ్గర రాతి పలకల గోడ వెనక నిలబడి చూడటం పెద్దవాళ్ళకీ పిల్లలకీ క్షేమం. పక్కనున్న డూలిన్ ఊరి నుంచి సాగే పొడవాటి తీరపు నడక మాత్రం వేరే సంగతి. ప్రాణాలు పోయిన ఘటనల తర్వాత 2024లో అందులో కొన్ని భాగాలు మూసేశారు. ఏ ముక్క తెరిచి ఉందో వెళ్ళే వారమే చూసుకోండి. అంచు కింద అలలు తొలిచేసి ఉంటాయి, పైనుంచి చూస్తే గట్టి నేలలాగే కనిపిస్తుంది. సెల్ఫీ కోసం అంచుకి వెళ్ళొద్దని ఎవరు చెప్పినా విసుక్కోకుండా వినండి.

డొనెగాల్‌లోని స్లీవ్ లీగ్ 601 మీటర్లు, మోహర్‌కి దాదాపు మూడు రెట్లు, జనం మాత్రం చాలా తక్కువ. కారు ఉండి, రెండు రోజులుండి, బన్‌గ్లాస్ వ్యూ పాయింట్ దాకా నడిస్తే చాలనుకునేవాళ్ళు మోహర్ బదులు ఇక్కడికే వెళ్ళాలని నా ఖచ్చితమైన అభిప్రాయం. అక్కడి నుంచి పైకి వెళ్ళే సన్నటి శిఖరపు దారి అనుభవం ఉన్నవాళ్ళకే. గాలి ఉన్న రోజు వాళ్ళకి కూడా వద్దు.

సైకిల్, కొండ అంచు రెండూ ఒకే రోజు కావాలంటే ఇనిష్ మోర్ దీవికి మించింది లేదు. గాల్వే నుంచి బస్సులో రోసావీల్, అక్కడి నుంచి ఫెర్రీలో 40 నిమిషాలు. కిల్‌రోనన్ రేవులో దిగగానే సైకిళ్ళ అద్దె షాపులు. వెళ్ళేటప్పుడు సముద్రం పక్కనున్న పల్లపు దారి పట్టండి, సీళ్ళు రాళ్ళ మీద పడుకునే చోటు అటే ఉంది. ఎటు చూసినా సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. వాటి మధ్య సందుల్లోంచి గాలి ఈల వేస్తుంది. చివర డన్ ఏంగస్, సుమారు 3,000 ఏళ్ళ నాటి రాతి కోట. దాని ఒక పక్క సముద్రంలోకి నిటారుగా తెగిపోయి ఉంటుంది, కంచె లేదు. పిల్లల చెయ్యి వదలొద్దు. నిలబడకుండా బోర్లా పడుకుని తల మాత్రం బయట పెట్టి చూడటం ఇక్కడ పాత అలవాటు, అదే మంచిది. సముద్రం బాగా రేగితే ఫెర్రీలు ఆగిపోతాయి కాబట్టి, మరుసటి రోజు పొద్దున్నే ఫ్లైట్ ఉందనగా ఈ దీవికి వెళ్ళకండి.

రోజుల తరబడి నడవాలనుకునేవాళ్ళకి విక్లో వే, కెర్రీ వే రెండూ పేరున్నవి. విక్లో వే సుమారు 130 కి.మీ., డబ్లిన్‌లోని మార్లీ పార్క్ నుంచి మొదలవుతుంది. దేశంలో గుర్తులు పెట్టిన మొదటి దూరపు నడక దారి ఇదే. ముక్కలు ముక్కలుగా వారాంతాల్లో నడవడానికి ఇదే మేలు. కెర్రీ వే 200 కి.మీ. దాటిన చుట్టు దారి, తొమ్మిది పది రోజుల సెలవు ఉంటేనే ఆలోచించండి.

ఎప్పుడు, ఏం పట్టుకుని

మే, జూన్, సెప్టెంబర్ నెలలు నాకు ఇష్టం. జూన్ చివర్లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది, మధ్యాహ్నం బయల్దేరినా తొందర ఉండదు. డిసెంబర్‌లో నాలుగుంపావుకే పొద్దు గుంకుతుంది, అప్పుడు హౌత్ దాటి ఆలోచించొద్దు. మెట్ ఏరన్ ఆరెంజ్ వార్నింగ్ ఇచ్చిన రోజు ఏ దారికీ వెళ్ళొద్దు. గాలికి యెల్లో వార్నింగ్ ఉన్నా కొండ అంచులు మానుకోండి.

గొడుగు ఇంట్లో పెట్టేయండి, ఇక్కడి గాలికి ఒక్క పూట కూడా నిలవదు. టోపీ ఉన్న వాన జాకెట్ కొనండి. జీన్స్ తడిస్తే రోజంతా ఆరవు, ట్రాక్ ప్యాంట్ నయం. మే నుంచి సెప్టెంబర్ దాకా పొడవాటి గడ్డిలో, ఫెర్న్ పొదల్లో నడిచొస్తే కాళ్ళ మీద, మోకాళ్ళ వెనక టిక్ పురుగులు పట్టాయేమో చూసుకోండి, వాటివల్ల లైమ్ జబ్బు రావచ్చు. కొండ మీద ఆపదొస్తే 112 కి ఫోన్ చేసి మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి.

శాకాహారులు పులిహోరో పెరుగన్నమో కట్టుకెళ్ళడం మంచిది. దారి పక్క కేఫ్‌లలో సూప్, బ్రౌన్ బ్రెడ్, స్కోన్ దొరుకుతాయి. వెజిటబుల్ సూప్ అని రాసి ఉన్నా చికెన్ స్టాక్ వేశారేమో అడగండి, దాచకుండా చెబుతారు.

ఉత్తరాదికి వెళ్ళే ముందు

జెయింట్స్ కాజ్‌వే రాతి స్తంభాలు, కారిక్-ఎ-రీడ్ తాళ్ళ వంతెన ఉన్న తీరపు నడక ఈ దీవిలోకెల్లా గొప్ప నడకల్లో ఒకటి. కానీ అది ఉత్తర ఐర్లండ్, అంటే యూకే. సరిహద్దులో గేటు ఉండదు, మామూలుగా ఎవరూ ఆపరు, అందుకే చాలామంది వీసా అక్కర్లేదనుకుంటారు. భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి, ఐర్లండ్‌లో చదువుకుంటున్నా ఉద్యోగం చేస్తున్నా, యూకే వీసా కావాలి. ఇండియా నుంచి చూడటానికి వచ్చే తల్లిదండ్రుల షార్ట్ స్టే వీసా మీద బీఐవీఎస్ (బ్రిటిష్-ఐరిష్ వీసా స్కీమ్) అని ముద్ర ఉంటే దానితోనే రెండు వైపులా తిరగొచ్చు. ఆ ముద్ర లేకపోతే కాజ్‌వే ఈసారికి మానుకోండి, పడమటి తీరంలో మీ సెలవులకి సరిపడా దారులున్నాయి.

స్లీవ్ లీగ్‌కి కూడా ఇదే చిక్కు ఉంది. డొనెగాల్ ఐర్లండ్ రిపబ్లిక్‌లోనే (యూకేలో కాదు) ఉన్నా, డబ్లిన్ నుంచి అక్కడికి నేరుగా వెళ్ళే బస్సులు ఉత్తర ఐర్లండ్ మీదుగా పోతాయి, కారుకి ఫోన్ మ్యాప్ చూపించే దగ్గరి దారి కూడా అంతే. రైలులో స్లైగో వెళ్ళి, అక్కడి నుంచి బస్సులోనో అద్దె కారులోనో బుండోరన్ మీదుగా డొనెగాల్ చేరితే దారి పొడవునా రిపబ్లిక్‌లోనే ఉంటారు. బస్సు టికెట్ కొనేముందు ఆగే ఊళ్ళ జాబితాలో ఎనిస్కిల్లెన్, ఓమా అన్న పేర్లు ఉన్నాయేమో చూసుకోండి.